రెండు గిటార్లకే చోటు

ఎస్తేరమ్మ టీచరుకు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళకు ఏదో ఒక పని చెప్పడమే ఆమె అలవాటు. గుంతకల్లు రైల్వే కాలనీలో ఆ సంగతి అందరికీ తెలుసు. తోడికోడలితో మళ్ళీ మాటలు కలపాలా వద్దా అని అడగడానికి వచ్చిన నర్సు సుగుణమ్మను, ఆ తోడికోడలి వీధిలోనే ఉన్న టైలరు దగ్గర తన జాకెట్లున్నాయి, తెచ్చిపెట్టమని పంపింది. అట్లా పనిమీద పోయి తిరిగొచ్చేలోపల కొందరికి జవాబు దొరికేది. కొందరు తాము అడగవచ్చిన మాటే మరిచిపోయేవాళ్ళు. ఇంకొందరు చిన్నబుచ్చుకుని, పెద్దావిడకు మతి తప్పుతోందని బయట చెప్పుకునేవాళ్ళు. ఆమె ఎవరినీ ఏమీ అనకుండా తన చర్చి ఆర్గన్ ముందు కూర్చుని, గురువారం పాడబోయే పాట తీసుకునేది. రైల్వే బడిలో పిల్లలకు పాటలు నేర్పి, రిటైరై చాలా ఏళ్ళయినా ఆమె అందరికీ టీచరే. కాలనీ చర్చిలో పాడేవాళ్ళకు ఇప్పటికీ ఆమె చెయ్యెత్తితేనే గొంతు లేచేది.

దేవసహాయం ఆమె పాత శిష్యుడు. అతను వయసులో ఉండగా, ఉద్యోగుల క్లబ్బుగా ఉండే రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక బ్యాండు ఉండేది. అందులో చేరిన కుర్రాళ్ళంతా లీడ్ గిటారు నాకంటే నాకని కొట్లాడుకుంటే, ఎవరూ ముట్టని బేస్ గిటారు దేవసహాయం భుజాన పడింది. నాలుగు లావుపాటి తీగలు, పాటకు అడుగున ఎక్కడో మోగే మంద్రమైన మోత. దాన్ని ఎక్కడ పలికించాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ ఊరుకోవాలో, ఎస్తేరమ్మ టీచరే ఆర్గన్ మీద ఎడమచేత్తో వాయించి చూపించి నేర్పింది. అప్పటినుంచి ఆయనకు గురువంటే ఆమే. ఇప్పుడు తలంతా నెరిసి, పదవీ విరమణ వయసు వచ్చినా, ఆమె గుమ్మం దగ్గర చెప్పులు విడిచేటప్పుడు చొక్కా గుండీ సరిచూసుకునేవాడు.

ఆయన ఉద్యోగం గూడ్సు బండి గార్డు. బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని, ముందున్న డ్రైవరు మొహం కూడా కనపడకుండా ధర్మవరం దాకానో, రాయచూరు దాకానో పోయి రావడం. ఆ ఒంటరితనం ఆయనను ఎన్నడూ బాధపెట్టలేదు. ఎందుకంటే తిరిగొచ్చిన ఊళ్ళో బ్యాండు ఉండేది, ఇంట్లో లిల్లీ ఉండేది. కాలం గడిచేకొద్దీ బ్యాండులో వాళ్ళు కొందరు బదిలీ మీద పోయారు, కొందరు పోనేపోయారు. ఇన్‌స్టిట్యూట్ హాలు పెళ్ళిళ్ళకు అద్దెకిస్తున్నారు. ఆరేళ్ళ కిందట లిల్లీ కూడా పోయింది. వాళ్ళకు పిల్లలు లేరు.

లిల్లీ పోయిన తర్వాత ఆయన చర్చిలో గురువారం జరిగే పాటల ప్రాక్టీసుకు రావడం మానేశాడు. ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చుని, దీవెన కాగానే లేచి వెళ్ళిపోయేవాడు. పలకరించబోయేవాళ్ళకు ఆయన వీపే కనపడేది. కొన్నాళ్ళకు పలకరింపులు ఆగిపోయాయి. ఇంట్లో నిశ్శబ్దం మరీ ఓర్వరానిదైనప్పుడు బెంగుళూరు బండి ఎక్కేవాడు. వచ్చేటప్పుడు భుజాన ఒక కొత్త బేస్ గిటారు ఉండేది. నాలుగు రోజులు దాని తీగలు మార్చడం, తుడవడం, చెవి దగ్గర పెట్టుకుని మీటడం సరిపోయేది. ఆ తర్వాత దానికీ ఒక మేకు కొట్టి గోడకు తగిలించేవాడు. అట్లా పాతదానితో కలిపి ఏడు గిటార్లయినాయి.

రిటైరవుతున్నాడు కాబట్టి రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పట్టాల అవతల, బజారు వెనక, మేడ మీద ఒక గది దొరికింది. ఒక గోడకు కిటికీ, ఒక గోడకు అలమర, ఒక గోడకు తలుపు. మిగిలిన గోడకు మంచం వేస్తే, పైన రెండు గిటార్లు పడతాయి. మూడోది పెట్టాలంటే ఆయన బయట పడుకోవాలి.

ఏ రెండు? ఆయనకు తెగలేదు. మొదటిది కలకత్తాలో చేసింది, బ్యాండు మాస్టరు ఫ్రాన్సిస్ తను కొన్నాళ్ళు వాడుకుని ఇచ్చింది. దాని మెడ కొంచెం వంగింది, అయినా దానితోనే అన్నీ నేర్చుకున్నాడు. ఎర్రది లిల్లీకి నచ్చిన రంగు. ఐదు తీగలది అన్నిటికన్నా గొప్పది, అంత చక్కటి పనితనం ఇంకొకదానికి లేదు. మెడ మీద మెట్లు లేనిది ఒకటుంది, దాని మీద వేలు జారిస్తే మనిషి మూలిగినట్టే ఉంటుంది. లోపల గుల్లగా, దేవదారు వాసన వేసేది ఇంకొకటి. చిన్న మెడది, తేలికపాటిది, ప్రత్యేకత ఏమీ లేనిది ఒకటి. చివరగా కొన్నది సంచిలోంచి సరిగ్గా బయటికి రాలేదు. దాన్ని తీసెయ్యాలంటే, ఇంకా దాని గొంతే విననప్పుడు ఎట్లా అనిపించేది. పొద్దున రెండింటిని ఎంచి మంచం మీద పెట్టేవాడు. మధ్యాహ్నానికి గోడనున్నవాటిలో ఒకటి తనకు అన్యాయం జరిగినట్టు కనపడేది. సాయంత్రానికి అన్నీ మళ్ళీ మేకులకే ఎక్కేవి. చివరికి ఒకరోజు ఎస్తేరమ్మ టీచరు ఇంటికి నడిచాడు.

ఆమె వరండాలో చాట ముందేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఆయన నిలబడే అంతా చెప్పాడు. ఏది ఎప్పుడు కొన్నాడో, దేని ఇంపు ఏమిటో, దేన్ని వదిలితే ఏమి పోతుందో. ఆమె మధ్యలో ఎక్కడా ఆపలేదు.

“ఇప్పుడు చెప్పండి టీచర్. ఏ రెండు ఉంచుకోను?”

“వినకుండా నేనెట్లా చెప్పేది?” అంది ఆమె. “గురువారం ప్రాక్టీసుకు ఒకటి తీసుకురా. తర్వాతి గురువారం ఇంకొకటి. మా సాయంకాలపు పాట ఒకటుంది, ప్రతిసారీ అదే వాయించు. వింటాను.”

“అందరి ముందరా?”

“నా ఒక్కదాని కోసం చర్చికి లోపల గడియ పెట్టిస్తావా ఏంది?”

ఆయనకు ఇష్టం లేదు. కానీ చెప్పింది టీచరు.

మొదటి గురువారం ఐదు తీగలది తీసుకుని పోయాడు. బరువుకు భుజం నొప్పెట్టింది. చర్చిలో పాడేవాళ్ళు పదిమందికి మించి లేరు. ముందు వరుసలో సుగుణమ్మ, మగవాళ్ళ వరుసలో, రైల్వే గేటు దగ్గర పనిచేసే యాకోబు. యాకోబు గొంతెత్తితే బయట కుక్కలు లేచి నిలబడతాయి. దేవసహాయం ఆర్గన్ వెనక స్టూలు మీద కూర్చుని, సంచి జిప్పు నెమ్మదిగా తీశాడు. మీద పడిన ట్యూబులైటు వెలుగుకు గిటారు చెక్క తేనెలా మెరిసింది. ఎవరైనా ఒక మాటంటారని చూశాడు. యాకోబు ఇటు తిరిగి, “అన్నా, ఆ స్పీకరు పెట్టె రవ్వంత జరుపు, ఫ్యాను గాలి రాలేదు” అన్నాడు. పాట మొదలైంది, అయిపోయింది. ఆయన ఎంత నిండుగా వాయించాడో ఆయనకు తెలుసు. అందరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. టీచరు ఆర్గన్ మీద గుడ్డ కప్పుతూ, “వచ్చేవారం” అంది.

వచ్చేవారం మెట్లు లేనిది పట్టుకుపోయాడు. దానికీ ముందుదానికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా. చెవులున్నవాళ్ళు ఎవరైనా తల తిప్పాల్సిందే అనుకున్నాడు. పాట రెండో చరణంలో, ఎవరూ చెప్పకపోయినా, వేలు జార్చి ఒక మూలుగు పలికించాడు. సుగుణమ్మ పాటల పుస్తకంతో విసురుకుంటూ పాడుతోంది. ఆమె తల తిప్పలేదు. తర్వాతి వారం గుల్లది, ఆ మరుసటివారం వంగిన మెడది. టీచరు వింటున్నానని గానీ, ఫలానిది బాగుందని గానీ అనలేదు. పాడేవాళ్ళు మాత్రం వారం వారానికీ ఆ మోతకు అలవాటుపడి బాగా పాడుతున్నారు. అది ఆయన గమనించలేదు. ఆయన చూపంతా వాళ్ళ తలలు ఎటు తిరుగుతాయో అన్నదాని మీదే ఉంది.

ఎర్రది తీసుకుపోయిన రోజు పాట ముగిశాక సుగుణమ్మ నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన స్టూలు మీద నిటారుగా అయ్యాడు.

“అన్నా, కొత్తదా? బలే ఉంది!”

“కొత్తదేం కాదమ్మా, ఇది...” అని గిటారు ముందుకు తిప్పబోయాడు.

“ఆ ఫ్రేము మీ మొగానికి సరిగ్గా సరిపాయ. మా ఆయనకూ ఇట్లాంటిదే చేయించాల. యాడ చేయిస్తిరి?”

ఆమె అడుగుతున్నది కళ్ళజోడు గురించి. ఆయన కొట్టు పేరు చెప్పాడు. గిటారు సంచిలో పెట్టి, జిప్పు వేసి, పట్టాల పక్కనుంచి ఇంటికి నడిచాడు. ఆకాశం ఇంకా ఎర్రగా ఉంది. యార్డులో ఏదో బండి కదలబోతూ పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. ఇంట్లోకి పోయి దీపం వేస్తే గోడమీద మిగిలిన ఆరూ కనపడ్డాయి. ఇన్నాళ్ళూ వాటిని చూస్తే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది. ఆ సాయంత్రం మొట్టమొదటిసారి, అవి ఎవరి ఇంట్లోనో తగిలించిన వస్తువుల్లా అనిపించాయి. ఇవన్నీ ఎవరికి వినిపించాలని కొన్నాడు? వినాల్సినవాళ్ళు పక్కనే నిలబడి పాడుతూ కూడా వినలేదు. లిల్లీ వినేదా? ఆమె వంటింట్లోంచి “ఈరోజు మోత బాగుందే” అనేది. అయితే ప్రతిరోజూ అదే మాట అనేది. ఆ మాట గుర్తొచ్చి ఆయన మంచం మీద కూలబడ్డాడు.

తర్వాతి గురువారం ఆయన పోలేదు. వీధి తలుపు గడియ పెట్టాడు. వాళ్ళ కోసం కాదు, నాకోసం వాయించుకుంటాను, ఇదీ ఒక విధంగా మంచిదే అనుకున్నాడు. ఏడింటినీ దించి వరసగా గోడకు ఆనించి, వాటి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. గుల్లదాన్ని ఒళ్ళోకి తీసుకుని, తీగ బిగించి, పక్కన పెట్టేశాడు. మెట్లు లేనిదాన్ని తీసుకున్నాడు. బయట వీధిలో ఎవరో నడుస్తున్న చప్పుడైతే ఆగి విన్నాడు. ఆ అడుగులు ముందుకు పోయాయి. ఎవరో ఒకరు వచ్చి, ఏం అన్నా, రాలేదేం అని అడుగుతారని తను ఎదురుచూస్తున్నాడని అప్పుడు ఆయనకు తెలిసింది. తెలిసి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే ఎదురుచూశాడు. దుమ్ముగాలి లేచి కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, లేచి మూశాడు. చర్చి వైపు నుంచి ఏమీ వినపడలేదు. ఫోను మోగలేదు, తలుపు ఎవరూ తట్టలేదు. వంట చేసుకోబుద్ధి కాక, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాడు.

మర్నాడు కూరగాయల మార్కెట్టులో సుగుణమ్మ ఎదురైంది. చేతిలో గోరుచిక్కుడుకాయల సంచి.

“నిన్న మీరు రాకపోయిందే మేలైందిలే అన్నా,” అంది. “ఏం పాడితిమో ఏమో! తలా ఒక దోవ పోతిమి. యాకోబన్న ఒక పక్క లాగుతాడు, మేము ఇంకో పక్క. ఎత్తుకున్న పాట ఎప్పుడూ పాడేదే గదా, అదే కుదరలేదు. కాలు పెడితే నేల అందనట్టు, అట్లయిపాయ. టీచరు సగంలోనే ఆపేసి ఇండ్లకు పొమ్మనె.”

“ఎందుకట్లా?” అన్నాడు దేవసహాయం.

“దుమ్ముగాలికి కిటికీలన్నీ మూసేస్తిమి గదా. ఉక్కకు ఊపిరాడక అట్లయింది. యాకోబన్నేమో తన గొంతులో కిచ్‌కిచ్ అంటాడు. నేను మాత్రం కిటికీలే అంటా.”

ఆమె బేరం చేయడానికి టమాటాల వైపు వెళ్ళింది. ఆయన దారికి అడ్డంగా నిలబడిపోయాడు. జనం ఆయనను తప్పించుకుంటూ నడుస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం వచ్చాయి. కూరగాయలు కొనకుండానే టీచరు ఇంటి దారి పట్టాడు.

ఎస్తేరమ్మ టీచరు వరండాలోనే ఉంది. ఈసారి చేతిలో పనేమీ లేదు.

“వాళ్ళకు తెలియలేదు టీచర్,” అన్నాడు ఆయన. “కిటికీలు మూసినందుకు అంటున్నారు.”

“నాతోనూ అదే చెప్పినారు.”

“అడుగున మోత లేక అట్లయిందని మీరు చెప్పలేదా?”

“చెప్తే ఏమవుతుంది? వచ్చేవారం నుంచి అందరూ నీ వైపు తిరిగి పాడతారు. పాట యెటు పోవాల?”

ఆయన వరండా అంచున కూర్చున్నాడు. ఎండ పాదాల మీదికి వచ్చింది. వెనక్కి లాక్కోవాలని కూడా తోచలేదు. తను మొదట అడగవచ్చిన మాట గుర్తొచ్చినట్టు అన్నాడు.

“ఇంక రెండు మిగిలినాయి మీకు వినిపించేటివి. ఇంతకూ ఏవి ఉంచుకోమంటారు?”

ఆమె ఆయనను చూసింది. చిన్నప్పుడు తప్పు స్వరం మీటినప్పుడు ఎట్లా చూసేదో అట్లా. అందులో కోపం లేదు.

“నిన్న సాయంత్రం ఏడూ నీ దగ్గరే ఉన్నాయి గదా దేవసహాయం. ఏది వాయించినావు?”

ఏదీ వాయించలేదన్నది ఆయనకు అప్పుడే తట్టింది. లేచి నమస్కారం చేసి ఇంటికి పోయాడు.

క్వార్టరు ఖాళీ చేసే గడువు లోపల గిటార్లు ఒక్కొక్కటిగా ఇల్లు దాటాయి. కలకత్తాది హుబ్బళ్ళిలో ఉన్న ఫ్రాన్సిస్ మాస్టరుకే తిరిగి చేరింది. ఆయనకిప్పుడు వేళ్ళు సాగవు, అయినా వద్దనలేదు, తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఐదు తీగలది ఆదోనిలో ఒక ఆర్కెస్ట్రావాళ్ళు పట్టుకుపోయారు. తక్కినవీ ఎవరెవరో వాయించేవాళ్ళ చేతుల్లోకే పోయాయి. ఎర్రదాన్ని ఇచ్చేటప్పుడు మాత్రం, తీసుకుపోయేవాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాడు. చివరి సాయంత్రం దీపం వేస్తే గోడ మీద గిటార్లున్నంత మేర సున్నం తెల్లగా, చుట్టూ మాసిపోయి, మనుషుల్లాంటి ఏడు ఆకారాలు మిగిలాయి. వాటి ఎదుట ఆయన చాలాసేపు కూర్చున్నాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

తనకు ఉంచుకున్నది చిన్న మెడ గిటారు. ఎవరైనా అడిగితే, అది తేలికగా ఉంటుంది, పట్టాలు దాటి చర్చిదాకా నడవాలి గదా అని చెప్పేవాడు. అంతకుమించి దానికి కారణం లేదు.

కొత్త గదిలోకి మారిన వారం, గురువారం సాయంత్రం ఆయన అందరికన్నా ముందే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి, బయట ఇంకా గాలి తగ్గలేదు. పాట ఎత్తుకున్నారు. ఈసారి ఆయన ఎవరి తలా చూడలేదు. యాకోబు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటాడో, సుగుణమ్మ ఏ మాట దగ్గర జంకుతుందో విన్నాడు. ఆ మాట వచ్చేముందు ఒక్క స్వరం నెమ్మదిగా మీటి, ఊరుకున్నాడు. ఆమె జంకలేదు. పాట చివరిదాకా ఒక్క తీరుగా నడిచి ఆగింది. గాలి తగ్గినట్టుంది అన్నాడు యాకోబు. అందరూ వెళ్ళిపోయారు. ఆయనతో ఎవరూ ఏమీ అనలేదు.

టీచరు ఆర్గన్ మూత దించుతూ ఆయన సంచి వైపు చూసింది.

“ఒక్కటేనా? గోడకు రెండు పడతాయంటివి.”

“మంచం అటు జరిపి, రెండోది తగిలించాల్సిన చోట కుర్చీ ఒకటి వేసినాను టీచర్.”

“ఎవరన్నా వచ్చినారా?”

“ఇంకా ఎవరూ రాలేదు.”

ఆమె కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో తుడిచి, డబ్బాలో పెట్టి మూసింది.

“నీ గది మేడ మీదనే గదా,” అంది. “మెట్లకు పట్టుకునేదానికి కమ్మీ ఉందా?”